రచ్చకు జర్మన్ మాట

14 సెప్టెంబర్ 1999

ఇరవై రెండు నెలల తర్వాత ఇవాళ జర్మన్ మాట్లాడాను. అదీ చేతిలో ప్యాకింగ్ టేపుతో!

పూల పండగకు ఈ ఆస్ట్రేలియా ఊరు టూవూంబా అంతా కిటకిటలాడుతుంటే, జర్మనీ పార్లమెంటు నుంచి ఆరుగురు మా యూనివర్సిటీ దూరవిద్య ఎలా నడుపుతుందో చూడ్డానికి దిగారు. అన్నీ చూపించి చివరికి మా మెయిల్ రూమ్‌కు తెచ్చారు. ఎక్కడో గొర్రెల ఫారాల్లో, గనుల్లో ఉండి చదువుకునేవాళ్లకు పాఠాలు కవర్లలో పెట్టి పంపే గది ఇది. హైదరాబాదులో పంతొమ్మిదేళ్లు జర్మన్ పాఠం చెప్పిన ద్వారకానాథ్ గారు, అంటే నేను, ఇక్కడ కవర్లు అంటిస్తారు. నా భార్య మంగళ నర్సు ఉద్యోగం మీద వీసా వచ్చింది. సామానుతో పాటు నేనూ, కూతురు లిఖితా వచ్చాం. ఈ ఊళ్లో జర్మన్ నేర్చుకోవాలని ఎవరికీ బుద్ధి పుట్టలేదు. సరే, ఆ ఏడుపు పాతదే.

తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పొట్టి ఆవిడ కవరు ఎత్తి చూపి, ఇందులో పిల్లవాడు రాసిన జవాబు ఎన్నాళ్లకు దిద్ది తిరిగి వస్తుందని అడిగింది. వాళ్ల దుబాసీ నీళ్లు నమిలాడు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అందరూ నా వైపు తిరిగారు. మా సూపర్‌వైజర్ కెవ్ మాత్రం, "స్ట్రూత్, డ్వార్క్!" అన్నాడు. ఓరి దేవుడా అని; డ్వార్క్ అంటే నేనే.

ఆవిడ పేరు ఫ్రౌ, అంటే శ్రీమతి, గేర్లిండె ఫాస్‌బెండర్. పార్లమెంటులో పంతొమ్మిదేళ్లుగా చదువుల కమిటీలో ఉందట. మీరెవరని అడిగింది. "లెక్చరర్‌ని" అన్నాను. ఉండేవాణ్ని అనాలి. నోటికి రాలేదు. సాయంత్రానికి హెర్ ప్రొఫెసర్, అంటే ప్రొఫెసర్ గారూ, అనడం మొదలుపెట్టింది. మాట మధ్యలో దిద్దడం మర్యాద కాదు కదా.

15 సెప్టెంబర్

మధ్యాహ్నం భోజనంలో నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది. మీ భాషలో ఒక సామెత చెప్పండి, ఉపన్యాసాలకు మాటలు ఏరుకోవడం నా అలవాటు అంది. ఇంట గెలిచి రచ్చ గెలువు అని చెప్పాను. జర్మన్ మాట అప్పటికప్పుడు తట్టింది. ప్రాస కూడా పడింది! ఎర్స్ట్ ట్సు హౌస్, డాన్ హినౌస్. ముందు ఇంట్లో, తర్వాత బయటికి. ఆవిడ రెండుసార్లు పైకి చదువుకుని, కార్డు మీద రాసిమ్మని అడిగి పర్సులో దాచుకుంది.

ఇంటికొచ్చి చెబితే మంగళ నవ్వింది. "గంత సంబురమా? పెండ్లినాడు గూడ మీ మొఖం గిట్ల వెలగలే."

నిజమే అయ్యుండొచ్చు.

3 నవంబర్

డీన్ పిలిచాడు. ఫ్రౌ ఫాస్‌బెండర్ ఉత్తరం రాసిందట, మీ జర్మన్ ప్రొఫెసర్‌కు కృతజ్ఞతలు అని. మా దగ్గర అలాంటివాడు ఎవరని వెతికితే మెయిల్ రూమ్‌లో తేలావని పడీ పడీ నవ్వాడు. వచ్చే ఏడాది ఆవిడ మళ్లీ వచ్చి ఉపన్యాసం ఇస్తుంది, ఆవిడ జీవితం రెండు పేజీల్లో రాసి పెట్టు, గుడ్ ఆన్ యా మేట్, అన్నాడు. వారానికి రెండు రోజులు భాషల విభాగంలో నాకో కుర్చీ. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ. అటూ ఇటూ జరిపి చూశాను.

21 నవంబర్

రెండు పేజీలన్నారు గానీ నాకు పదకొండు వచ్చాయి. ఆవిడ పంపిన కాగితాలు చదువుతుంటే వదలబుద్ధి కాలేదు.

మూడో తరగతి తప్పిన పిల్ల. తోటివాళ్లు నాలుగుకు వెళితే ఏడాదంతా తనకన్నా చిన్నవాళ్ల మధ్య కూర్చుంది. తర్వాత పల్లెలో ఒంటిగది బడికి టీచరయింది. ప్రభుత్వం ఆ బడి మూసేసి పిల్లల్ని పట్నం బడికి బస్సులో పంపితే, మొదటి ఏడాదంతా రోజూ వాళ్లతో పాటు బస్సులో వెళ్లి, ఎవరు ఎక్కడ వాంతి చేసుకున్నదీ, ఎవరు క్లాసులో నిద్రపోయిందీ రాసి పెట్టింది. ఆ నోటుబుక్కే ఆవిణ్ణి పార్లమెంటుకు పంపింది. మొదటి ఉపన్యాసానికి పిల్లలు కూర్చునే చిన్న చెక్క కుర్చీ మోసుకెళ్లిందట. తరగతి తప్పించడం గురించి మాట్లాడే ప్రతి అధికారినీ కమిటీ గదిలో ఆ కుర్చీలో కూర్చోబెట్టేదట. మంత్రి పదవి రెండుసార్లు వచ్చినట్టే వచ్చి పోయింది. కుర్చీ ఇంకా ఆఫీసులోనే ఉందట.

పదో తరగతి లెక్కల్లో నేనూ తప్పాను. ఈ సంగతి మంగళకు ఇవాళ్టికీ తెలీదు.

1 జనవరి 2000

కంప్యూటర్లు ఆగలేదు, విమానాలు కూలలేదు, లోకం మునగలేదు. హైదరాబాదులో మా బావమరిది రామ్మోహన్ రెండేళ్లుగా చేస్తున్న, కంప్యూటర్లలో తేదీలు దిద్దే వై-టూ-కే పని మాత్రం నిన్నటితో అయిపోయింది.

16 మార్చి

జర్మనీ వాళ్లకు కంప్యూటర్ మనుషులు కావాలట. ఇరవై వేల మందికి వీసాలిస్తారని పేపర్లో పడింది. రామ్మోహన్ అప్పుడే ఒక కంపెనీకి ఫోన్లో ఇంటర్వ్యూ ఇచ్చేశాడు. కంపెనీ ఎక్కడిదో వింటే ఒళ్లు ఝల్లుమంది. ఫ్రౌ ఫాస్‌బెండర్ సొంత ఊరు, ఆవిడ నియోజకవర్గం!

మంగళ కాళ్లు నేల మీద నిలవడం లేదు. "దేవుడు మీకు జర్మన్ నేర్పింది గిందుకే. మా తమ్ముని గురించి ఒక్క మాట రాయరాదా ఆమెకు?"

రాస్తానన్నాను. రాయడానికి ఎంతసేపు?

27 మార్చి

ఉత్తరం మొదలుపెట్టాను. "నా బావమరిది" దాకా వచ్చి ఆగాను. సిఫార్సు అడిగితే కింద సంతకంతో పాటు హోదా రాయాలి. ఏ హోదా? ఆవిడ నన్ను ప్రొఫెసర్ అనుకుంటోంది. ఇంకో వారం పోనీ, డీన్ ఏదో ఒక పేరు పెట్టి నన్ను భాషల విభాగంలోకి పూర్తిగా తీసుకుంటే అప్పుడు దర్జాగా రాయొచ్చు.

4 ఏప్రిల్

"రాసిండ్రా?" అని మంగళ అడిగింది. రాశానన్నాను. రేపు ఎలాగూ రాస్తాను కాబట్టి అబద్ధం కిందికి రాదు.

18 ఏప్రిల్



ఫ్రౌ ఫాస్‌బెండర్ నుంచి పొడుగాటి అట్టగొట్టం వచ్చింది. యూనివర్సిటీ ఉత్తరాలన్నీ మెయిల్ రూమ్‌కే వస్తాయి కదా, నేను వెళ్లేసరికే కెవ్ దాన్ని విప్పి గోడకు అంటించేశాడు. నిలువెత్తు పోస్టరు. ఆ చిన్న చెక్క కుర్చీ, ఖాళీగా. పైన, "ఈ కుర్చీ మన పిల్లలది". కింద నా సామెత. ఎర్స్ట్ ట్సు హౌస్ అనే ముక్క నల్లటి చిన్న అక్షరాల్లో, హినౌస్ అనే ఒక్క మాట మూరెడంత ఎర్రటి అక్షరాల్లో. దాని కింద, "భారతీయ సామెత".

హినౌస్. నేను రాసినప్పుడు అది బయటికి వెళ్లి గెలవమని. గోడ మీద ఒంటరిగా, ఎర్రగా నిలబెడితే దానికి ఒకటే అర్థం. బయటికి నడు అని.

వెంట ఉత్తరం కూడా ఉంది. "ప్రియమైన హెర్ ప్రొఫెసర్, మా రాష్ట్రంలో ఎన్నికలు. ప్రభుత్వం వాళ్లు మా బడుల్లో కంప్యూటర్లు పెట్టరు, మా పిల్లలకు నేర్పరు, రెడీమేడ్‌గా భారతీయుల్ని దిగుమతి చేస్తారట. ఇరవై ఏళ్లుగా నేను వెతుకుతున్న మాట మీరిచ్చారు. సభల్లో చెబుతున్నాను, భారతీయుల పెద్దలే వాళ్లకు ముందు ఇంట్లో గెలవమని చెప్పారని. చప్పట్లు ఆగడం లేదు."

కెవ్ నా వీపు మీద చరిచి, "నువ్వు జర్మనీలో ఫేమస్ అయిపోయావు డ్వార్క్, ఏం రాశారందులో?" అన్నాడు. చదువు గురించి అన్నాను.

19 ఏప్రిల్

పోస్టరు గోడ మీదే ఉంది.

20 ఏప్రిల్

తీసేద్దామంటే ఎందుకని అడుగుతారు. గోడకు వీపు పెట్టి కవర్లు అంటించాను.

2 మే

కెవ్ సూపర్‌మార్కెట్లో కలిసి మంగళకు పోస్టరు సంగతి చెప్పాడు. మంగళ పొంగిపోయింది. జర్మనీ గోడల మీద మన సామెత! ఆస్పత్రిలో అందరికీ చెప్పింది. లిఖిత కూడా బడి నుంచి వచ్చి, "నాన్నా, దట్స్ సో కూల్. వాట్స్ రచ్చ, ఎనీవే?" అంది. పద్నాలుగేళ్లొచ్చాయి, తెలుగు అర్థమవుతుంది గానీ కొన్ని మాటలు తెలీవు. ఊరి నడుమ అందరూ కూడి కూర్చునే చోటు అని చెప్పాను. "లైక్ ఎ టౌన్ స్క్వేర్?" అంది. అవునన్నాను.

ఇదంతా ఆ మనిషి చేసింది. నేను పువ్విస్తే రాయిలా వాడుకుంది. పార్లమెంటు మనుషులంతా ఇంతే. నాకేం సంబంధం?

11 మే

రామ్మోహన్ ఫోన్ చేశాడు. మంగళ డ్యూటీలో ఉంది, నేనే ఎత్తాను. కంపెనీవాళ్లు మాట మార్చారట. ఊళ్లో గాలి బాగోలేదు, ఎన్నికలయ్యాక చూద్దాం అన్నారట.

"ఆడ ఉన్న మా దోస్తు మెయిల్ పంపిండు బావా. కంపెనీ ఎదురుంగనే గోడ మీద పోస్టర్ ఏసిండ్రట. ఇండియా సామెత అని రాసిండ్రట. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నట్టే ఉన్నది. మనోడెవడో చెప్పి ఉంటడు. ఎవడో గానీ మాకు మంచి ఆపతి తెచ్చిండు."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"మీకు జర్మన్ ఎరుకే గదా. ఎవడై ఉంటడంటరు?"

"తెలీదు" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "అక్కకు ఈ పోస్టరు సంగతి చెప్పకు, బాధపడుతుంది" అని కూడా అన్నాను. పిచ్చివాడు, సరే బావా అన్నాడు. వాడు నన్ను నమ్మిన తీరు చూసి నాకు భయమేసింది.

30 మే

కంపెనీ అక్కర్లేదంది. మంగళ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. "మీరు లెటర్ రాసినా ఆమె పట్టించుకోలేదంటే, పెద్దోళ్లు గంతే" అంది. అవును, పెద్దోళ్లు అంతే అన్నాను. ఈ చేత్తోనే ఆమెకు మంచినీళ్లు కూడా అందించాను.

12 జులై

డీన్ కబురు. ఆగస్టు పదిహేడున ఫ్రౌ ఫాస్‌బెండర్ ఉపన్యాసం. వేదిక మీద ఆవిణ్ణి పరిచయం చేసేది నేనే. మంగళను, లిఖితను ముందు వరసలో కూర్చోబెడతారట.

23 జులై

పరిచయం రాద్దామని పోయినేటి చిత్తు నోటుబుక్కు తీశాను. తీయకపోయినా బాగుండేది.

సామెత అప్పటికప్పుడు తట్టిందని ఈ డైరీలో రాసుకున్నాను. వట్టిది. సెప్టెంబర్ పద్నాలుగో తేదీ సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఆవిడ, రేపటికి ఒక సామెత తెచ్చిపెట్టండి అంది. ఇంటికొచ్చి కూర్చుని రాశాను. నోటుబుక్కులో నా అక్షరాలే ఉన్నాయి. మొదట రచ్చకు మార్క్ట్‌ప్లాట్స్ అని రాశాను. అంటే ఊరి నడిబజారు, నలుగురు కూడే చోటు. సరైన మాట. దాన్ని కొట్టేశాను. ప్రాస పడలేదని కొట్టేశాను. హౌస్‌కు హినౌస్ దొరకగానే ఎగిరి గంతేశాను. పక్కన నాకు నేనే "శభాష్" అని రాసుకున్నాను. శభాష్!

రచ్చ అంటే బయట కాదు. రచ్చ ఊరి లోపలే ఉంటుంది. ఆ సంగతి తెలిసిన ఒక్క మనిషిని నేను. ఆ తెలిసిన మాటను కొట్టేసి ఆవిడ చేతికి గెంటే మాట ఇచ్చాను. పంతొమ్మిదేళ్లు పిల్లలకు మాటకు మాట సరిపోవాలని చెప్పినవాణ్ని.

మంగళకు ఇవాళ చెప్పాలి.

24 జులై

నైట్ డ్యూటీ చేసి వచ్చింది. అలసిపోయి ఉంది.

6 ఆగస్టు

మంగళ నా కోటు డ్రైక్లీనింగుకు ఇచ్చొచ్చింది. ఇప్పుడు చెబితే ఏం బాగుంటుంది?

16 ఆగస్టు

ఒక దారి దొరికింది. రేపు వేదిక మీదే చెప్పేస్తాను. తప్పు నాది, మాట ఇది అని అందరి ముందూ నిలబడి చెబితే అంతకన్నా నిజాయితీ ఏముంటుంది? మంగళ కూడా అక్కడే వింటుంది. విడిగా చెప్పే పని తప్పుతుంది. మనసు తేలికపడింది. చాలా రోజులకు ఆకలేసింది.

17 ఆగస్టు 2000

వరసగా రాయాలి.

హాల్లో అరవై మంది ఉంటారు. మంగళ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. ఫ్రౌ ఫాస్‌బెండర్ నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుంది. నేను ఆవిడ జీవితం చెప్పాను. మూడో తరగతి, బస్సు, నోటుబుక్కు, చెక్క కుర్చీ. ఒక్క మాట తగ్గించలేదు, అదంతా నిజమే కాబట్టి. చివరికి కాగితం మడిచి, మా మెయిల్ రూమ్ గోడ మీద ఒక పోస్టరుంది, దాని మీది సామెత నేను ఇచ్చిందే, తప్పుగా ఇచ్చాను అన్నాను. రచ్చ అంటే ఏమిటో చెప్పాను. ప్రాస కోసం సరైన మాట కొట్టేసి గెంటే మాట రాశానని, ఆ మాటను గోడలకెక్కించి మా మనుషుల్ని రావద్దన్నారని చెప్పాను.

జనం నవ్వారు. వేళాకోళం కాదు, ముచ్చటపడి నవ్వారు. చప్పట్లు కొట్టారు. డీన్ లేచి, "లవ్లీ యార్న్, మేట్" అన్నాడు, భలే కథ చెప్పావని. అరవై మందిలో నవ్వనిది ఒక్క మనిషే. మంగళ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నన్ను చూస్తోంది.

ఉపన్యాసం అయ్యాక టీ దగ్గర ఫ్రౌ ఫాస్‌బెండర్ స్కోన్ బన్ను తింటూ వచ్చింది. కోపం లేదు. "అందమైన తప్పు, హెర్ ప్రొఫెసర్. మా ఊళ్లో మీ భాష తెలిసిన ఒక భారతీయ విద్యార్థి నాకు పోస్టరు వేయకముందే చెప్పాడు, అది బయట కాదు, మార్కెట్ అని. మార్కెట్ అంటే ఓట్లు రావు" అంది. తెలిసే వేసింది!

మంగళ దగ్గరికొచ్చింది. ఆవిడకు ఇంగ్లీషులో, చాలా మర్యాదగా, "మేడమ్, మా తమ్ముడి గురించి మావారు ఏప్రిల్లో రాసిన ఉత్తరం మీకు అందిందా?" అని అడిగింది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "ఉత్తరమా? ఏ ఉత్తరం?" అంది. మంగళ కంపెనీ పేరు చెప్పింది. "అయ్యో, ఆ యజమానికి నేను చిన్నప్పుడు పాఠం చెప్పాను. ఒక్క ఫోన్ చేసేదాన్ని. నేను పద్ధతికి వ్యతిరేకం గానీ మనుషులకు కాదు. ఎందుకు రాయలేదు, హెర్ ప్రొఫెసర్?"

మంగళ ఆవిడకు థాంక్స్ చెప్పింది. కప్పు బల్ల మీద పెట్టింది. లిఖితను పిలిచి కారు దగ్గరికి నడిచింది.

కారు మంగళే నడిపింది. ఇంటి ముందు ఇంజను ఆపేసి, తాళం చేతిలో పట్టుకుని, ముందుకే చూస్తూ అడిగింది.

"గంతమందిల చెప్పిండ్రు. నాకు ఇంట్ల చెప్పరాకపోయెనా?"

నేను సీటు బెల్టు విప్పుకున్నాను.

ఇంట్లోకి వెళ్లగానే హైదరాబాదుకు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. రామ్మోహన్ "బావా, మంచిగున్నరా?" అన్నాడు. చెప్పాను. సామెత ఇచ్చింది నేనేనని, ఉత్తరం రాయలేదని, అడిగిననాడు తెలీదన్నది అబద్ధమని. లైను మీద ఫ్యాను తిరిగే చప్పుడు వినిపిస్తోంది.

"అక్కకు ఎరుకేనా?" అన్నాడు.

"ఎరుకే. ఇవాళే తెలిసింది."

"మీరు చెప్పిండ్రా?"

"సభలో చెప్పాను."

"సభలనా?" అని అడిగాడు. ఆ తర్వాత, "అక్కకియ్యిండ్రి బావా ఫోను" అన్నాడు.

మంగళ ఫోను అందుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మాటలు వినిపిస్తున్నాయి, ఏమిటో తెలీదు. వినబడేంత దగ్గరగా ఉండటం బాగోదనిపించి వరండాలోకి వచ్చి ఇది రాస్తున్నాను. ఇంకా పొద్దుంది. ఇక్కడి ఆగస్టు చలి మాత్రం ఎముకలు కొరుకుతోంది.

లిఖిత ఇప్పుడే అద్దం తలుపు జరిపి తల బయటికి పెట్టింది.

"నాన్నా, వై ఆర్ యూ అవుట్‌సైడ్?"